రెండోసారి కాలిన కొండ

ఆ జనవరి ఎండల్లో మంటలు మా ఇంటిని వదిలేసి కొండను తీసుకుపోయాయి.

ఊళ్ళో అందరూ మమ్మల్ని అదృష్టవంతులన్నారు. లోయకి ఎగువనున్న ఇళ్ళు కొన్ని పునాదుల దాకా బొగ్గయ్యాయి. మాకు ఇల్లు మిగిలింది, పశువుల కొట్టం మిగిలింది. కొండ మొదట్లో మా మామగారుండే రెండు గదుల రేకుల ఇల్లూ, దాని పక్కనున్న, ఆకు ఆరబెట్టే పాత పొగాకు బ్యారనూ మిగిలాయి. ఎందుకు మిగిలాయో అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట నా భర్త డారియో, ఊరి అగ్నిమాపక దళాన్ని వెంటబెట్టుకుని, కొండవాలు మీది పొదలన్నీ ముందుజాగ్రత్తగా తగలబెట్టించాడు. అందుకని అసలు మంట వచ్చేసరికి ఇంటి వెనక దానికి తినడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. చర్చి మెట్ల మీద డారియో భుజం తట్టని మనిషి లేడు.

తట్టనిది వాళ్ళ నాన్న ఒక్కరే.

మామగారి పేరు ఒట్టావియో. ఇటలీలో ఓడెక్కి కుర్రతనంలో, జనవరిలో వేసవీ జూన్‌లో చలీ ఉండే ఈ దక్షిణాది దేశం వచ్చారు. విక్టోరియా కొండల్లోని మా లోయలో జీవితమంతా పొగాకే పండించారు. పొగాకు కొనేవాళ్ళు మానేశాక మేం మడులన్నీ పచ్చిక చేసి ఆవుల మీదికి మళ్ళాం గానీ, ఆయన మాత్రం బ్యారన్ పక్కనుంచి కదల్లేదు. అత్తయ్య పోయాక అసలే కదల్లేదు. మంట చల్లారిన మర్నాడు ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కొండకేసి చూస్తూ కూర్చున్నారు. డారియో వెళ్ళి పలకరిస్తే ఒకే మాట అన్నారట, "రెండోసారి" అని.

ఆ మాట డారియోకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మా కొండ మీద పెద్ద చెట్లు లేవు. బ్యారన్‌లో పొయ్యి మండించడానికి మామగారే వయసులో ఉండగా యూకలిప్టస్‌లన్నీ నరికేశారు. వాటి చోట వాటిల్ తుమ్మలూ, పసుపు పూల చేదు బఠానీ పొదలూ లేచాయి. మా కొండ మీదివి కాలిపోతే మోడు నుంచి చిగురించేవి కావు. ఎప్పుడో రాలి మట్టిలో పడుకున్న గింజలు, మంట వేడికి పెంకు చిట్లి, వానకి మొలవాల్సిందే. డారియో కాల్పించినప్పుడు అలాగే మొలిచి నడుమెత్తు పెరిగాయి. ఇంకా పూత పట్టలేదు, కాయ కాయలేదు, గింజ రాలలేదు. ఈలోపే రెండో మంట వచ్చి వాటిని ఊడ్చేసింది. మట్టి తన దగ్గరున్నదంతా మొదటిసారే ఇచ్చేసి ఉంటే, ఇప్పుడివ్వడానికి ఏముంటుంది?

ఏమీ లేకపోతే వచ్చే ముప్పు నాకు వంటింటి కిటికీలోంచే కనిపించేది. కొండవాలు మొత్తం ఒకే గండిలోకి దిగుతుంది. ఆ గండి నోరు సరిగ్గా మామగారి ఇంటి వెనక తెరుచుకుంటుంది. వేళ్ళు పట్టి ఉంచని కొండ మీద శీతాకాలపు వాన పడితే ఆ మట్టి, ఆ రాళ్ళు ఎటు వస్తాయో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఫిబ్రవరి ఆఖర్న ఏటా చేసినట్టే టమాటాలు ఉడికించి సీసాల్లోకి ఎక్కించాం. మామగారు గుజ్జు తీసే మర తిప్పుతున్నారు, నేను తొక్కలు తీస్తున్నాను, డారియో కాగు కింద మంట చూస్తున్నాడు. వానలు రాకముందే ఆయన మా దగ్గరికి వచ్చెయ్యాలన్న మాట అక్కడే ఎత్తాడు.

"మా ఇంట్లో ముందుగది ఖాళీగానే ఉంది కదా నాన్నా."

"మీ ఇల్లా? కట్టిందెవరు?"

"నువ్వే కట్టావు. అందుకే వచ్చి ఉండమంటున్నా."

మామగారు మర తిప్పడం ఆపలేదు. ఆ కొండ జోలికి పోకుండా ఉంటే ఇవాళ ఎవరూ ఎక్కడికీ పోవలసిన పని ఉండేది కాదన్నారు. పోకుండా ఉంటే ఇవాళ టమాటాలు ఉడికించుకోవడానికి కాగు కూడా మిగిలేది కాదని డారియో అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. అదే నన్ను భయపెట్టింది. ఒకరిది తప్పయితే ఒప్పించవచ్చు. ఆ రోజు తర్వాత తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. ఏదైనా చెప్పుకోవాలంటే నాతో చెప్పేవాళ్ళు. "ఎల్విరా, మీ ఆయనతో చెప్పు, కంచె తీగ తెగింది" అని మామగారు. "మా నాన్నతో చెప్పు, డాక్టరు మందులు మార్చాడని" అని డారియో. ఇద్దరూ ఒకే వరండాలో కూర్చునే.

మార్చిలో నీటి పరీవాహక ఆఫీసు నుంచి షోనా అనే అమ్మాయి వచ్చింది. కాలిన కొండలన్నీ చూసి జాగ్రత్తలు చెప్పడం వాళ్ళ పని. మా వాలు మీద నాతో పాటు సగం దాకా ఎక్కి, బూటుతో బూడిద పక్కకి తోసి, కాసేపు అక్కడే కూర్చుండిపోయింది. నేను సూటిగా అడిగాను, మొలుస్తాయా మొలవవా అని. తనకి తెలీదంది. మొలవవని చెబితే ఒక దారి వెతుక్కునేదాన్ని, మొలుస్తాయని చెబితే ఊపిరి పీల్చుకునేదాన్ని. తెలీదని చెప్పేసరికి రెండూ లేకుండా పోయాయి.

"పైమట్టి కొంచెం తీసుకెళ్ళి ట్రేల్లో పరిచి తడి పెడుతూ ఉండండి. అందులో ప్రాణమున్న గింజలుంటే ఈ వేడిలో త్వరగానే బయటపడతాయి. రాకపోతే పైపొరలో లేవనే అనుకోవాలి."

"లోపల ఉండవా మరి?"

"ఉండొచ్చు. వాటిల్ గింజకి చివర చిన్న కొవ్వు ముద్ద ఉంటుంది. దానికోసం చీమలు గింజని పుట్టలోకి లాక్కుపోతాయి. కొవ్వు తినేసి గింజని అక్కడే వదిలేస్తాయి. కానీ అంత లోతుకి మంట వేడి దిగదండీ. వేడి తగలంది గింజ నిద్ర లేవదు. లేచినా అంత మట్టి తోసుకుని పైకి రాలేదు. ఉన్నా మనకి దక్కనట్టే."

ఆ ట్రేలు ఆ శరదృతువంతా నా ప్రాణం తీశాయి. పొద్దున్న లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టకముందే వరండాలోకి పోయేదాన్ని. వంగి, కళ్ళు చికిలించి, నల్లటి మట్టిలో పచ్చటి చుక్క కోసం వెతికేదాన్ని. మొదటి మొలక కనబడిన రోజు డారియోని కేకేశాను. వచ్చి చూసి, అది ముళ్ళగడ్డి అని చెప్పి పోయాడు. ఆ తర్వాత వచ్చినవీ అవే. గాలికి ఎగిరొచ్చే కలుపు. వాటిల్ ఆకు ఈకలా ఉంటుంది, పొరబడే వీల్లేదు. ఒక్కటీ రాలేదు. నీళ్ళు ఎక్కువ పోస్తున్నానేమో అని తగ్గించాను, తక్కువయ్యాయేమో అని పెంచాను. ట్రేలని ఎండలోకి జరిపాను, నీడలోకి జరిపాను. అంట్లు తోముతుంటే కూడా నా చెవులు రేడియోలో వాతావరణం మీదే ఉండేవి.

మామగారు ట్రేల గురించి ఏనాడూ అడగలేదు. కానీ ఏదో వంక పెట్టుకుని రోజూ వరండా మీదుగా వెళ్ళేవారు, వెళుతూ ఒక చూపు పారేసేవారు. ఒకసారి నేను అక్కడే ఉండడం చూసి ఆగారు. పొగాకు నారుమళ్ళ సంగతి చెప్పారు. నారు పోసే ముందు మడి మీద కొమ్మా రెమ్మా పేర్చి కాల్చేవారట. మట్టిలోని కలుపు గింజ చావాలని. తర్వాతి రోజుల్లో ప్లాస్టిక్ పట్టా కప్పి దాని కింద విషవాయువు వదిలేవారట. అంత చేసినా ఏటా ఎక్కడినుంచో కలుపు లేచేదేనట, అత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని పీకేదట.

"అయితే మొలుస్తాయంటారు" అన్నాను ఆశగా.

"ఏమో అమ్మాయ్. నాకు వాటిని చంపడమే తెలుసు. మొలవమని ఎప్పుడూ అడగలేదు."

ఏప్రిల్లో డారియో ఇక ఆగలేకపోయాడు. బస్తాలకొద్దీ గడ్డి విత్తనం తెప్పించి, మెడకి సంచీ కట్టుకుని, వాలంతా చల్లుకుంటూ ఎక్కాడు. మొదటి జల్లుకే మొలిచి మట్టిని పట్టుకుంటుందని తన లెక్క. గడ్డి పెరిగితే దాని కింద ఇంకేదీ పైకి రాదని షోనా ముందే చెప్పింది. రాకపోతే పోయింది, ముందు నాన్న బతకాలి కదా అన్నాడు నాతో. నేను కాదనలేదు. నేనూ ఒక సంచీ కట్టుకుని తన వెనకే నడిచాను. కానీ జల్లు పడలేదు. మర్నాటి నుంచి తెల్ల కాకటూ చిలుకలు మందలుగా దిగాయి. లోయలోని చిలుకలన్నిటికీ కబురు వెళ్ళినట్టుంది. డారియో డబ్బా వాయిస్తూ వాలు మీద ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తేవాడు. అవి ఎగిరి తన వెనకే వాలేవి. కింద గుమ్మంలో కూర్చున్న మామగారు నవ్వుతారేమో అని భయపడ్డాను. ఆయన నవ్వలేదు. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. వారం తిరిగేసరికి చిలుకలు వదిలేసిన కాస్తా చీమలు మోసుకుపోయాయి.

గడ్డీ లేదు, మొలకా లేదు. మే వచ్చింది. ఇంటికి వచ్చెయ్యమని నేను రోజూ చెప్పేదాన్ని, ఆయన రోజూ తలూపేవారు. సంచీలో బట్టలు మాత్రం సర్దేవారు కాదు.

అది ఆదివారం. భోజనాలయ్యాయి. ఏటి ఒడ్డున మేస్తున్న ఆవుల్ని మెరకకి తోలుకొస్తానని డారియో వెళ్ళాడు. ఉదయం నుంచీ గాలి లేదు. నేను గిన్నెలు కడుగుతుండగా కొండ మీద ఉరిమింది, చూస్తుండగానే కొండ కనబడకుండా పోయింది. మా ఇంటి మీద ఇంకా చుక్క పడలేదు. వాన అంతా పైనే పడుతోంది. కాసేపటికి గండిలో నీళ్ళు కదిలాయి. సిరాలా నల్లగా దిగాయి. నేను చేతులు తుడుచుకుని చెప్పులు వెతుక్కునేలోగా, ఆ వాగు ఆగిపోయింది.

పైన అంత వాన కురుస్తుంటే కింద వాగు ఆగడమేమిటి? పైనెక్కడో కాలిన వాటిల్ దుంగలు అడ్డం పడి, వాటి వెనక అంతా నిలబడుతోందని అప్పుడు నాకు ఇంత వివరంగా తట్టలేదు. చెప్పులు వెతకడం మాత్రం మానేశాను. పరిగెత్తాను.

మామగారు పొయ్యి మీద చెస్ట్‌నట్ కాయలు వేయిస్తున్నారు. వాన అనీ, ప్రమాదమనీ, రండి అనీ దారి పొడుగునా ఏవేవో మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆ ముఖం చూడగానే తెలిసిపోయింది, ఇవి అన్నీ విన్నవే, మళ్ళీ తలూపి కూర్చుంటారు. చెయ్యి పట్టి లాగితే ఇంకా బిగుసుకుంటారు.

"మామయ్యా, ట్రేలో మొలక వచ్చింది" అన్నాను.

ఆయన కాయలు కదపడం ఆపారు. "ముళ్ళగడ్డేగా."

"కాదు. ఆకు ఈకలా ఉంది. వచ్చి చూడండి."

అంత అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆయన పెనం దించారు, గ్యాస్ ఆపారు, టోపీ వెతుక్కున్నారు. టోపీ కనబడలేదు. ఫర్వాలేదు రండి అంటే వినలేదు. మంచం కింద నుంచి తీసి, దులిపి, పెట్టుకున్నారు. గుమ్మం దాటాక చలికోటు కోసం మళ్ళీ వెనక్కి తిరగబోయారు. నేను నా శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పేశాను. మెరక ఎక్కుతుంటే ఆయన నెమ్మదిగా అడుగులేస్తూ, ఎన్ని మొలకలు, ఎంత ఎత్తు, మట్టిలో ఏ మూల అని అడుగుతూనే ఉన్నారు. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూనే ఉన్నాను.

వరండా ఎక్కారు. ట్రే మీదికి వంగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వేలితో మట్టి అటూ ఇటూ జరిపి చూశారు.

"ఎక్కడ?" అన్నారు.

అప్పటికే చప్పుడు మొదలైంది. రాళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి బోల్తా కొడుతున్నట్టు. నేల అదిరి కిటికీ అద్దాలు మోగాయి. గండి నోట్లోంచి వచ్చింది నీళ్ళు కాదు. మనిషెత్తు నల్లటి ముద్ద, అందులో దుంగలు, బండలు. తొందర లేనట్టు దొర్లుకుంటూ వచ్చింది. రేకుల ఇంటి వెనక గోడలోంచి దూరి ముందు గుమ్మంలోంచి బయటికి వచ్చింది. బ్యారన్ ఒక పక్కకి ఒరిగి అలాగే ఆగింది. బురద ఇంటిని దాటి, పాత పొగాకు మడులుండే పల్లం మీద విసనకర్రలా పరుచుకుంది. తడి బూడిద వాసన వరండా దాకా కొట్టింది.

అప్పుడు ఏటివైపు నుంచి డారియో వచ్చాడు. బండి దారిలోనే వదిలేసినట్టున్నాడు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. తను మా వైపు చూడలేదు. నాన్న అక్కడే ఉన్నాడని తన నమ్మకం. బురదలోకి దిగాడు. మోకాళ్ళ దాకా, నడుము దాకా కూరుకుపోతూ, చేతులతో తోసుకుంటూ ఆ ఇంటివైపు పోతున్నాడు. "నాన్నా, నాన్నా" అంటున్నాడు. చిన్నప్పుడు ఎలా పిలిచేవాడో అలాగే పిలిచి ఉంటాడు. నేను చెయ్యెత్తి ఊపాను.

మామగారు కమ్మీ పట్టుకుని చూస్తున్నారు. టమాటాల రోజు నుంచీ ఆయన కొడుకుని పేరు పెట్టి పిలవలేదు.

"డారియో, ఇక్కడున్నా రా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. పక్క గదిలో ఉన్నవాడితో అన్నట్టు అన్నారు.

ఎలా వినబడిందో డారియో వెనక్కి తిరిగాడు. చాలాసేపు అలాగే, నడుము దాకా బురదలో, మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ముఖం అటు తిప్పుకుని, బ్యారన్ గోడకి చెయ్యి ఆనించి, వాన ఇక్కడికీ వచ్చేదాకా ఉండిపోయాడు.

మామగారు మళ్ళీ ట్రే వైపు వంగారు. "ఎల్విరా, ఇందులో ఏమీ లేదు."

"లేదు మామయ్యా."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూశారు. కాఫీ ఉందా అని అడిగి లోపలికి వెళ్ళారు.

ఆ శీతాకాలం ఆయన ముందుగదిలో ఉన్నారు. తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు గానీ కొండ సంగతి మాత్రం ఎత్తలేదు. వాన పడ్డ ప్రతిసారీ ముగ్గురం మాటలాపి వినేవాళ్ళం. ఆయన ఎప్పటికైనా వెళ్ళిపోతాననే అనేవారు. రేకుల ఇంట్లో బురద తీయించాలి, గోడ కట్టించాలి, వసంతానికి తన ఇంటికి తను పోవాలి. డారియో సరేనన్నాడు. నేల ఆరగానే బుల్‌డోజర్ పిలిపించి ఇంటి దగ్గరా, పల్లంలోనూ బురదంతా ఎత్తించి మళ్ళీ పచ్చిక వేద్దామనుకున్నాడు. మా పొలం మొత్తంలో బలమైన నేల ఆ పల్లమే.

కొండ మీద పెద్దగా ఏమీ రాలేదు. పైవాలున రాయి తేలిపోయింది. అక్కడక్కడ ఫెర్న్‌లు, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని బఠానీ పొదలు. అంతే. మామగారు భయపడ్డదే నిజమైంది. చాలా ఏళ్ళ తర్వాత, ఇప్పటికీ, అది మునుపటి కొండ కాదు.

సెప్టెంబరులో బుల్‌డోజర్ వచ్చే రోజు పొద్దున్న మామగారు కాఫీ తాగకుండానే పల్లంలోకి నడిచి వెళ్ళారు. ఎంతకీ రాకపోతే డారియో వెళ్ళాడు. తనూ రాకపోతే నేను వెళ్ళాను. ఇద్దరూ బురద మేట అంచున గొంతుకూర్చుని ఉన్నారు. ఎదురుగా, దుంగల మధ్య, బండల నీడన, మేట పొడుగునా, పచ్చగా. నేను వంగి చూశాను. ఆకు ఈకలా ఉంది. ఒకటి కాదు, పది కాదు, నారు పోసినట్టు ఒత్తుగా. చీమలు ఏళ్ళ తరబడి కొండ లోపల దాచినదంతా ఆ ముద్ద పెకలించి, రాళ్ళ మధ్య రాపాడించి, పెంకులు గీరి, తెచ్చి ఈ పల్లంలో పోసిందని షోనా తర్వాత వచ్చి చెప్పింది. ఆ పూట మాకు అదేమీ తెలీదు.

మామగారు చెయ్యి చాపి ఒక మొలకని మొదట్లో పట్టుకున్నారు. బొటనవేలూ చూపుడువేలూ బిగించి, నారుమడిలో కలుపు పట్టుకున్నట్టే. డారియో ఆ చేతికేసే చూశాడు. ఆ వేళ్ళు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత వదిలేశాయి.

డారియో లేచి వెళ్ళి దారిలోనే డోజరువాణ్ణి ఆపి, రేకుల ఇంటి దగ్గర కూడా పనేమీ లేదని చెప్పి పంపించేశాడు. ఇంటిదాకా ఎత్తించాలంటే డోజరు ఆ మొలకల మీదుగానే పోవాలి మరి.

ఆ రాత్రి భోజనాల దగ్గర, పల్లానికి ఆవులు పోకుండా కంచె వెయ్యాలని డారియో తండ్రితోనే నేరుగా అన్నాడు. పల్లం మేత పోతే ఆవుల్లో కొన్నిటిని అమ్ముకోవాలి, అదీ చెప్పాడు.

"ఎన్నాళ్ళు కంచె?" అన్నారు మామగారు.

"అవి పూసి, కాసి, గింజ రాల్చేదాకా."

ఆయన రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని తిన్నారు. కొండ వైపున్న కిటికీకేసి ఒకసారి చూసి, నావైపు తిరిగారు.

"అయితే ఎల్విరా, నాకో మంచి దిండు కొనండి. ఆ గదిలోది రాయిలా ఉంది."